టిక్కనిందా?

మా పెద్దమ్మ ఫోనులో మాట్లాడితే వీధి చివర టీ కొట్టు దాకా వినిపిస్తుంది. వినికిడి తగ్గిన మనిషితో కాపురం చేసిన ఏ ఆడమనిషి గొంతైనా అంతేనేమో. అలాంటి పెద్దమ్మ మొన్న ఆషాఢంలో ఒక పొద్దున ఫోన్ చేసి, చెవికి అదుముకుంటే తప్ప వినిపించనంత చిన్నగా, "మీ పెద్దనాయన పలకల్యాదమ్మా" అంది. మాటకన్నా ముందు ఆ గొంతే నాకు సంగతి చెప్పేసింది.

ఓవెన్‌లో అప్పుడే బిస్కెట్ల పళ్లెం పెట్టాను. గబుక్కున ప్లగ్గు పీకాను. పీకినదాన్ని అక్కడే వదిలేసి పరుగెత్తాలి కదా. అలా కాకుండా దాన్ని గుప్పిట్లో పట్టుకుని కాసేపు వంటింట్లో అలాగే నిలబడిపోయాను. ఎందుకు నిలబడ్డానో చెప్పాలంటే మా పెదనాయన గురించి చెప్పాలి. ఆయన పేపర్లో ఫోటో వేసేంత పెద్దమనిషి కాదు, సభలూ శాలువాలూ ఎరగడు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు కూడా. అయినా ఆయన గురించి నాలుగు మాటలు ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

పెదనాయన మా నాయనకు అన్న. ధర్మవరంలో మా వీధి వెనక వీధే వాళ్లది. వయసులో ఉన్నప్పుడు చేతిమగ్గం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మరమగ్గాల షెడ్లలో మోటార్లు చూసే పనిలోకి పోయాడు. చీర డిజైన్ల కోసం వాడే చిల్లుల అట్టలు పోయి వాటి చోట ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చినప్పుడు, బోర్డు పాడైతే బెంగళూరు నుంచి మనిషి వచ్చేదాకా మగ్గం ఆగిపోయేది. వచ్చిన మనుషుల పక్కన కూర్చుని, అడిగి, విసిగించి, ఒక్కోసారి తిట్లు కూడా తిని పెదనాయన ఆ పని నేర్చుకున్నాడు. నేర్చుకునేలోపల మంచి బోర్డులు కూడా కొన్ని కాల్చేశాడని పెద్దమ్మ ఇంటికి ఎవరు వచ్చినా చెప్పేది. ఆయన కాదనేవాడు కాదు. "కాలిందాని వాసన తెలీకపోతే పని యాడ వస్తాది?" అనేవాడు.

ఆ షెడ్ల రొదలోనే ఆయన చెవులు పోయాయి. పూర్తిగా కాదు. లారీ హారన్ వినిపించేది, మోటారు మూలుగు వినిపించేది, ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి గొంతు వినిపించేది. సన్న శబ్దాలే పోయాయి. ఫోను మోత, కుక్కరు విజిలు, గాజుల గలగల, అలాంటివి.

"పెండ్లయిన కొత్తలో నా గాజుల సద్దుకే లేచి వస్తాండె. ఇప్పుడు గిన్నె ఇసిరేసినా తిరిగి చూడడు" అని పెద్దమ్మ ఆయన ముందే, ఆయనకు వినిపించేలా చెప్పి నవ్వేది.

"ఇసిరేసేది వినపడదులే. తగిలేది మాత్రం బాగా తెలుస్తాది" అనేవాడు ఆయన, నున్నటి తలను అరచేత్తో రుద్దుకుంటూ.

చెవులు అలా అయ్యాక ఆయనకొక నియమం ఏర్పడింది. షెడ్డులో మెయిన్ వేసేవాడు వేసేముందు ఒక కేక పెడతాడు. ఆ కేక వినబడక ఒకసారి పెదనాయన చేతులు మోటారు లోపల ఉండగానే కరెంటు వచ్చేసింది. విసిరికొడితే గోడకు కొట్టుకున్నాడు. భుజం మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది. అప్పటి నుంచి ఏ మిషను విప్పినా సరే, మిక్సీ అయినా, ఇస్త్రీపెట్టె అయినా, ముందు ప్లగ్గు పీకి దాన్ని ఎవరో ఒక మనిషి చేతిలో పెట్టేవాడు. ఎవరూ లేకపోతే ఎవరైనా వచ్చేదాకా స్క్రూడ్రైవరు ముట్టేవాడు కాదు. పక్కింటివాళ్లు వచ్చినా, పాలవాడు వచ్చినా వాళ్ల చేతిలో ప్లగ్గు పెట్టి కూర్చోబెట్టేసేవాడు.

"కింద పెడితే సరిపోదా పెద్దనాయనా?" అని నేనొకసారి అడిగాను.

"కిందుండే ప్లగ్గును ఎవురైనా తెలీక పెట్టేస్తారు. నీ చేతిలోదాన్ని నిన్ను అడక్కుండా పెట్టరు గదా. గట్టిగా పట్టుకో. నా పానం నీ చేతిలో ఉండాది అనుకో" అన్నాడు.

ఆ మాట ఆయన పెద్ద విషయంలా చెప్పలేదు. మంచినీళ్లు ఇవ్వమన్నట్టే చెప్పాడు. విన్న నేను మాత్రం ఆ ప్లగ్గును రెండు చేతులతో పట్టుకున్నాను.

ఇక మా ఓవెన్ సంగతి. నన్ను ఈ ఊళ్లోనే ఇచ్చారు. మా ఆయనది పట్టుచీరల బేరం. నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఫోనులో చూసి కేకులూ బిస్కెట్లూ నేర్చుకున్నాను. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసిపోతున్న వాళ్ల దగ్గర ఒక పాత ఓవెన్ కొన్నాం. పైన నంబర్లు వెలిగే రకం, నొక్కే మీటలు, లోపల ఫ్యాను. అది వచ్చాక వీధిలో పుట్టినరోజు కేకులన్నీ నావే. రాగి బిస్కెట్లకీ, వేరుశనగ బిస్కెట్లకీ బాగా పేరొచ్చింది. వేరుశనగ బిస్కెట్లు పెదనాయనకు ప్రాణం. "బుడ్డలు చేనులో పండకపోయినా నీ ఇంట్లో పండతాండాయి" అన్నాడొకసారి. వాన లేక వేరుశనగ చేలు ఎండిపోయిన ఏడాది అన్న మాట అది. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ బిస్కెట్టు తినడానికి చాలాసేపు పట్టింది ఆయనకు.

అలా నడుస్తుండగా ఒక రోజు ఓవెన్‌లో వేడి రావడం మానేసింది. నంబర్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, లోపల మాత్రం పెట్టిన పిండి పెట్టినట్టే ఉంది. రిపేరు మనిషిని పిలిపిస్తే మర్యాదగానే చూసి, బోర్డు పోయిందనీ, ఈ మోడలు బోర్డులు ఇప్పుడు రావడం లేదనీ చెప్పి వెళ్లాడు. అతని తప్పేమీ లేదు. కానీ అతను వెళ్లాక నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇది నాది అని చెప్పుకోవడానికి నాకు మొదటిసారి దొరికిన పని అది. సంగతి పెద్దమ్మకు ఫోనులో చెప్పాను. కాబట్టి వీధి మొత్తానికీ తెలిసింది. పెదనాయన సంచీ పట్టుకుని వచ్చేశాడు, వెనకే పెద్దమ్మ.

"ఏంటికి ఏడుస్తాండావు? యాడో ఒగ తావ దారి తెగింటాది. వెతుకుదాం" అన్నాడు.

ఓవెన్‌ను గోడ నుంచి ముందుకు లాగి, వెనక చెక్క స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను మీటల ముందు నిలబెట్టాడు. బోర్డు మీద రిలే అని ఒక చిన్న నల్ల డబ్బీ ఉంటుందట. వేడి కావాలని మనం మీట నొక్కగానే ఆ డబ్బీ లోపల ఒక రేకు మూసుకుంటుంది. మూసుకున్నప్పుడు టిక్ మంటుంది. అప్పుడే కాయిల్‌కి కరెంటు పోతుంది. టిక్ మని కూడా వేడి రాకపోతే జబ్బు కాయిల్‌లోనో వైర్లలోనో ఉన్నట్టు. టిక్ మనకపోతే జబ్బు బోర్డులో ఉన్నట్టు. వైద్యమంతా ఆ ఒక్క శబ్దం మీద ఆధారపడి ఉంటుంది. ఆ శబ్దమే ఆయనకు వినబడదు.

"నాకి వినపడదు. నువ్వే విని చెప్పల్ల. నొక్కు" అన్నాడు. ప్లగ్గు పెట్టి నొక్కాను. ఓవెన్ వెనక నుంచి గట్టిగా అడిగాడు, "టిక్కనిందా?"

టిక్కనింది. నా చెవులతో విన్నాను. "టిక్కనింది పెద్దనాయనా" అని అరిచాను. గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్న పెద్దమ్మ వేళ్లతో నేల మీద మూడుసార్లు తట్టి, "నిజం, నిజం" అంది. మంచి మాటకి మంచి మాట కలిపిందనుకున్నాను.

సరే, బోర్డు బాగుందని తేలిపోయింది. ప్లగ్గు నా చేతికొచ్చింది. పెదనాయన కాయిల్ విప్పాడు, మీటరు పెట్టి చూశాడు. బాగుంది. వైర్లు ఒక్కొక్కటీ చూశాడు. అవీ బాగున్నాయి. బయట ఎండ గాలి దుమ్ము లేపుతోంది, కిటికీ మూస్తే ఉక్క, తీస్తే మట్టి. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"బోర్డు చెప్తాండాది. కాయిలు బాగుండాది. మద్దెన దారీ బాగుండాది. మరి వేడి ఏంటికి రాదప్పా?" అని తనలో తనే అనుకుంటున్నాడు.

అప్పుడు మళ్లీ వినిపించింది. "పెద్దనాయనా, మల్లా టిక్కనింది" అన్నాను ఉత్సాహంగా.

ఆయన తల పైకెత్తి నన్నే చూశాడు. "ప్లగ్గు యాడుండాది?"

నా చేతిలో ఉంది. మధ్యాహ్నం నుంచీ బిగించి పట్టుకున్నందుకు వేళ్లు కూడా మొద్దుబారిపోయాయి. ముగ్గురం ఒకేసారి గోడ కేసి చూశాం. క్యాలెండరు కింద నుంచి ఒక బల్లి తల బయటపెట్టి, మేం చూస్తుండగానే ఇంకోసారి టిక్ మంది.

"మొదుట పలికిందీ అదేనే. నేను అప్పుడే నేల తడ్తిని గదా" అంది పెద్దమ్మ తాపీగా.

"తెలిసీ చెప్పకపోతివా?" అన్నాను నేను.

"నువ్వు మంచి మాట అంటివి, బల్లి పలికె. నిజమయితాది అనుకుంటి. అది మీ రిపేరులోదని నాకెట్ల తెలుస్తాది?"

విషయం అర్థం కావడానికి పెదనాయనకు కాస్త టైం పట్టింది, ఎందుకంటే పెద్దమ్మ మొదటిసారి పక్కకు తిరిగి చెప్పింది. ఆమె లేచొచ్చి ఎదురుగా నిలబడి మళ్లీ చెప్పింది. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వాడు. "అయితే ఇంతసేపూ మనం బల్లికి రిపేరు చేస్తాండామా?" అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ మా వంటింట్లో ఎక్కడో ఉందనిపిస్తుంది. నా మీద విసుక్కుంటాడేమో అనుకున్నాను. విసుక్కోలేదు. "చెవి మంచిదే. దేన్ని వినల్లో తెలిస్తే సాలు" అన్నాడు.

బల్లిని తోలేసి, కాయిల్ బిగించి, ప్లగ్గు పెట్టి మళ్లీ మొదటి నుంచి నొక్కాం. ఈసారి ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. టిక్ మనలేదు. అంటే జబ్బు బోర్డులోనే.

ప్లగ్గు పీకి మళ్లీ నా చేతిలో పెట్టాడు గానీ, వెంటనే బోర్డు ముట్టుకోలేదు ఆయన. "దీని కడుపులో ఇంగా రొంత కరెంటు మిగిలింటాది. అది దిగేదాకా మనం టీ తాగల్ల" అన్నాడు. నేను ఒక చేత్తో ప్లగ్గు పట్టుకునే ఇంకో చేత్తో టీ పెట్టాను. తాగాక బోర్డును పాత పేపరు మీద పెట్టి, చీరలో తెగిన పోగును వెతికే భూతద్దం తీసి, నేతగాడి చూపుతో వరస వరసగా చూసుకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు. నాకూ చూపించాడు. రిలే కాలు బోర్డుకు అతికిన చోట సీసం బొట్టు ఉంది. దాని చుట్టూ ఉంగరం మాదిరి సన్నటి గీత. తల వెంట్రుక కన్నా సన్నం.

"దినామూ వేడికి సాగుతాది, చల్లారినాక ముడుసుకుంటాది. ఎన్ని దినాలని ఓర్చుకుంటాది? చీలింది" అన్నాడు. సోల్డరింగ్ కడ్డీ వేడి చేసి, ఆ పాత బొట్టును పీల్చి తీసేసి, కొత్త సీసం పెట్టాడు. నిగనిగలాడే చిన్న బొట్టు. పొగ ఆయన కళ్లద్దాల మీదుగా పోయింది.

అన్నీ బిగించి మళ్లీ నొక్కాం. "టిక్కనిందా?" అని ఆయన. ఈసారి నేను ముందు గోడ చూశాను, తర్వాత చెప్పాను. "టిక్కనింది."

అద్దంలోంచి కాయిల్ ఎర్రబడటం చూశాక ఆయన స్టూలు మీద నుంచి లేవలేదు. "ఎట్లుంటాది ఆ సద్దు?" అని అడిగాడు.

తెలిసిన శబ్దంతో పోల్చి చెబుదామంటే ఆయనకు వినబడని శబ్దాలే అన్నీ. చివరికి ఆయన చెయ్యి పట్టుకుని, అరచేతిలో నా గోటితో ఒక్కసారి తట్టాను.

"ఇంతేనా?" అన్నాడు. చేతిని చూసుకున్నాడు. "ఇంత సన్నదా? దీనికోసమా ఇన్నేండ్లు ఎవుర్నో ఒగర్ని పక్కన కూకోబెట్టుకునింది!"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ చేతిని వెంటనే కిందికి దించలేదు.

ఆ తర్వాత ఆ మాట మా రెండిళ్లలోనూ పాతుకుపోయింది. ఏ పని అయిందో లేదో అడగాలన్నా పెదనాయన అదే అడిగేవాడు. మా ఆయన బేరం గురించి, "మదనపల్లె పార్టీ ఏమాయ, టిక్కనిందా?" మా పాప పరీక్ష గురించి, "ఏమే, టిక్కనిందా?" వాన గురించి కూడా. సాయంత్రం గుమ్మంలో నిలబడి దక్షిణం దిక్కు మబ్బు చూస్తూ, "మడకశిర పక్క టిక్కనిందంట. మనకే ఇంగా లేదు" అనేవాడు. నా దగ్గర మంచి కబురు ఉంటే నోటితో చెప్పకుండా ఆయన అరచేతిలో గోటితో తట్టేదాన్ని. ఆయనకు అది చాలు. పక్కనున్నవాళ్లకు ఏమీ అర్థమయ్యేది కాదు.

పాత బోర్డులు తెచ్చి నాకు సీసం పెట్టడం కూడా నేర్పాడు. నా చేతి కింద బొట్లు కుదిరేవి కావు. ఉండలు ఉండలుగా వచ్చేవి. "బిస్కెట్టు పిండి కాదే ఇది. తొందరపడొద్దు, అది కరిగి తనంతట తనే కూకుంటాది. నువ్వు చూస్తాండు, అంతే" అనేవాడు. నాకు ఓపిక తక్కువ. ఆయనకు నా విషయంలో ఓపిక ఎక్కువ. అలా ఏదో కొంచెం వచ్చింది.

పోవడానికి కొద్ది రోజుల ముందు మా ఇంటికొచ్చి, వేరుశనగ బిస్కెట్టు తింటూ ఓవెన్ పక్కన అరచెయ్యి ఆనించి చూశాడు. జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు. "ఆ బొట్టు మల్లా చీలుతాదిలే ఎప్పుడో. వేడి దగ్గరుండేదానికి అది తప్పదు. చీలినప్పుడు పిలువు, వస్తా" అన్నాడు.

నేను "ఊ" అన్నాను. పిండి కలుపుతున్నాను. తల కూడా ఎత్తలేదు.

ఆ పొద్దున పరుగెత్తుకుని పోయేసరికి ఆయనను చాప మీద పడుకోబెట్టారు. నిద్రలోనే పోయాడట. ముఖంలో ఏ బాధా లేదు. ఇల్లంతా జనం, ఏడుపులు. అంత గోలలో ఆయన ఒక్కడే ప్రశాంతంగా ఉన్నాడు, ఎప్పుడూ ఉన్నట్టే. నేను పక్కన కూర్చుని చెయ్యి తీసుకున్నాను. ఎవరూ చూడటం లేదనుకున్నాక అరచేతిలో గోటితో ఒక్కసారి తట్టాను. ఏం చెబుదామని తట్టానో నాకే తెలీదు. ఆ చెయ్యి చల్లగా, తెరిచినట్టే ఉండిపోయింది. అప్పుడు ఏడ్చాను నేను, అంతదాకా ఏడవలేదు.

దివసాలు, పెద్దకర్మ అయిపోయాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. పెద్దమ్మ గొంతు మాత్రం ఆ పొద్దున ఎలా చిన్నదైపోయిందో అలాగే ఉండిపోయింది. కూరగాయల బండివాడు కూడా "ఏమ్మా, ఒళ్లు బాగాలేదా?" అని అడుగుతున్నాడు. నేనూ అడిగాను. "గట్టిగా మాట్లాడితే ఆయప్పను పిలిసినట్ల అయితాది. పలకడు గదా. ఏంటికి పిలిసేది?" అంది.

వినాయక చవితి దాటాక ఓవెన్ మళ్లీ ఆగింది. అదే తీరు. నంబర్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, వేడి లేదు. నొక్కి విన్నాను. టిక్ లేదు. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ప్లగ్గు పీకి ఆయన చేతిలో పెట్టి, వెనక మూత విప్పి, టీ తాగేంతసేపు ఆగి, బోర్డు తీసి భూతద్దంతో చూశాను. ఆ చోటే. ఆ ఉంగరమే.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. పెదనాయన నేర్పిందే. కానీ అది బాగు కావాలంటే ఆయన పెట్టిన బొట్టును నేను కరిగించాలి. ఆయన చెయ్యి పడి, నా కళ్లముందు మెరిసి, ఇన్నాళ్లూ నా ఇంట్లో అన్నం పెట్టిన బొట్టు అది. దాన్ని కరిగిస్తే ఇక ఆయన పని అంటూ నా దగ్గర ఏం మిగులుతుంది? బోర్డును గుడ్డలో చుట్టి బీరువాలో చీరల కింద పెట్టేశాను.

"కొత్తది కొందాం. ఎన్నాళ్లని ఆ పాతదాన్ని పట్టుకుని కూర్చుంటావు?" అన్నాడు మా ఆయన. మంచికే అన్నాడు. అడిగినవాళ్లకు కేకులు చెయ్యడం లేదని చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కోసారి బీరువా తీసి, గుడ్డ విప్పి, ఆ బొట్టును చూసి మళ్లీ చుట్టేదాన్ని. చీలినప్పుడు పిలువు అన్నాడు పెదనాయన. ఎవర్ని పిలిచేది?

నలుగురు మనుషులున్న ఈ వీధిలో ఏ సంగతీ దాగదు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చింది. చేతిలో పెదనాయన సంచీ.

"యాడ పెట్టినావు దాన్ని?" అంది.

చూపించాను. భూతద్దం పెట్టినా ఆమెకు ఏమీ కనిపించలేదు. అయినా చాలాసేపు చూసింది.

"కరిగిచ్చాలంటే మనసు రాలేదు పెద్దమ్మా. పెద్దనాయన పెట్టింది పోతాది."

"పీకి పారేయొద్దు. కరిగిచ్చు. పైన నీది రొంత కలుపు. ఆయప్పది యాడికి పోతాది? ఆడే కలిసిపోతాది" అంది, ఆ చిన్న గొంతుతోనే. "ఊరికే గుడ్డలో సుట్టి పెడితే ఆయప్ప తిట్టేవాడు. మిషన్ ఉండేది పని చేసేకి."

ఓవెన్ ప్లగ్గు తీసుకుని స్టూలు మీద కూర్చుంది. ఆయన కూర్చున్న స్టూలే, ఓవెన్ వెనక. సోల్డరింగ్ కడ్డీ ప్లగ్గు మాత్రం వేరే గోడకు పెట్టాను. వేడెక్కింది. ఆ పాత బొట్టు మీద ఆనించాను. మసకబారి ఉన్నది ఒక్కసారిగా వెండిలా మెరిసి కరిగింది. కొత్త సీసం తాకించాను. రెండూ కలిశాయి. తొందరపడలేదు నేను. అది తనంతట తనే కుదురుకునేదాకా చూస్తూ ఉన్నాను. కళ్లలో నీళ్లు పొగ వల్లేనని చెప్పొచ్చు, కానీ అబద్ధమవుతుంది.

బోర్డు బిగించి, మూత వేశాను. పెద్దమ్మ చేతిలోంచి ప్లగ్గు తీసుకుని గోడకు పెట్టాను. నంబర్లు వెలిగాయి. ఫ్యాను తిరగడం మొదలైంది. మీట మీద వేలు పెట్టి, ముందు గోడ కేసి చూశాను. క్యాలెండరు కదల్లేదు. బల్లి లేదు. నొక్కాను.

ఓవెన్ వెనక నుంచి పెద్దమ్మ అడిగింది. తన పాత గొంతుతో, వీధి చివరి దాకా వినిపించే ఆ గొంతుతో, "టిక్కనిందా?"

టిక్కనింది. సన్నగా, ఒక్కసారి.

నేను నోటితో చెప్పలేదు. వెనక్కి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని, అరచేతిలో గోటితో ఒక్కసారి తట్టాను.

పెద్దమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. ఆ టిక్ ఆమె కూడా వినే ఉంటుంది. అయినా నేను తట్టిన చోట మీదుగా వేళ్లు మెల్లగా ముడిచింది. అద్దంలో కాయిల్ ఎర్రబడింది, నేను పిండి కలిపాను, పళ్లెం లోపల పెట్టాను, వేరుశనగ వేగే వాసన ఇల్లంతా నిండింది. ఆమె ఆ స్టూలు మీదే కూర్చుని ఉంది. ప్లగ్గు గోడకే ఉంది. ఆమె గుప్పిలి మాత్రం ఇంకా మూసే ఉంది.